కిటికీలో నెట్, గోడలో నెట్

ఏడు నెలల పాటు మా ఇంట్లో ఇంటర్నెట్ కిటికీలో ఉండేది. సిమ్ కార్డు వేసుకునే తెల్ల రౌటర్ ఒకటి, ముందు గది కిటికీ గట్టు మీద, ఎడమ మూలకి, కొంచెం ఏటవాలుగా. దాన్ని ఎవరైనా జానెడు జరిపితే ఇంట్లో గొడవే. కర్టెన్ దులపడానికి చెయ్యి పెట్టినా "ఎవరు ముట్టుకున్నారు దాన్ని?" అని లోపలి గదిలోంచి నా కేక వినబడేది. ఆ తర్వాత ఫైబర్ లైన్ పెట్టించుకున్నాం. అదీ వచ్చి పద్నాలుగు నెలలయింది. రెండింటితోనూ కాపురం చేసినదాన్ని కాబట్టి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయను. ఒకే కంపెనీ ఒక వీధిలో దేవుడు, పక్క వీధిలో దెయ్యం. పేరు చెప్పి లాభం లేదు.

ముందు మా ఇంటి సంగతి. నేను ఇంటి దగ్గరే వీడియోలు ఎడిట్ చేస్తాను, ఎక్కువగా పాఠాల వీడియోలు. మా ఆయన వారంలో మూడు రోజులు ఇంట్లోంచే ఆఫీసు పని, అంటే పొద్దస్తమానం కాల్స్. మా అబ్బాయికి ఆన్‌లైన్ ఆట ఒకటి ఉంది, ప్రాణమంతా అందులోనే. మావయ్యగారికి టీవీ, అదీ నెట్ మీదే. నలుగురికీ నెట్ కావాలి, కానీ నలుగురికీ నాలుగు రకాలుగా కావాలి. ఈ సంగతి మొదట్లో నాకు తట్టలేదు. ప్లాన్ పక్కన ఎన్ని ఎంబీపీఎస్ అని రాసి ఉందో అది చూసి కొనేశాను.

ఈ ఇంట్లోకి అద్దెకు దిగినప్పుడు ఎన్నాళ్లు ఉంటామో తెలీదు. ఫైబర్ కంపెనీ ఏడాది ఒప్పందం అంది, పైగా గోడకి కన్నం వెయ్యాలంది. కొత్తగా దిగి సామాను కూడా సర్దుకోకుండానే ఓనరు గారిని కన్నం గురించి అడగడానికి మొహమాటమేసింది. సిమ్ రౌటర్‌తో ఆ బాధ లేదు. పెట్టె విప్పి, సిమ్ వేసి, ప్లగ్గు పెట్టిన పావుగంటకి నలుగురికీ నెట్ వచ్చేసింది. ఈ ఒక్క విషయంలో దానికి నూటికి నూరు మార్కులు. ఇల్లు మారితే చంకలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు.

ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుంటే సరిపోదా అంటారేమో. ఒక్కరే ఉండి, రోజుకి రెండు మూడు గంటల పనైతే సరిపోతుంది. మేమూ మొదటి వారం అలాగే లాక్కొచ్చాం. ఫోను పెనంలా కాలేది. మా ఆయన ఆ ఫోను జేబులో వేసుకుని బయటికెళ్తే ఇంట్లో నెట్ కూడా ఆయన వెంటే వెళ్లిపోయేది. చాలా ప్లాన్లలో హాట్‌స్పాట్‌కి విడిగా పరిమితి ఉంటుంది, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని మరీ చదవండి.

సిమ్ రౌటర్‌ని మొదట టీవీ పక్కన అలమరలో పెట్టాను, చూడ్డానికి బాగుంటుందని. నెట్ నత్తనడక. ఫోన్ గీతలు చూస్తే నిండుగా ఉన్నాయి. ఆ గీతలను నమ్మకండి, ఒక్కో ఫోను ఒక్కో లెక్కన గీస్తుంది. రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్తే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని, టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెప్పే ఒక అంకె కనిపిస్తుంది, మైనస్ గుర్తుతో, డీబీఎం అనే కొలతలో. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 80 దగ్గరుంటే దర్జా, మైనస్ 110 దగ్గరుంటే ఆయాసం. మా అలమరలో మైనస్ 108 ఉంది. రౌటర్ని చేత్తో పట్టుకుని గదిగదికీ తిరిగాను. కిటికీ గట్టు ఎడమ మూల మైనస్ 94 చూపించింది. ఈ లెక్క మామూలు కూడికలా ఉండదు, పది పెరిగితే పది రెట్లు పెరిగినట్టు. 14 తేడా అంటే సిగ్నల్ పాతిక రెట్లు ఎక్కువైనట్టు. నాలుగడుగులు జరిపినందుకు పాతిక రెట్లు! ఆ రోజునుంచి ఆ మూల రౌటర్‌దే, మేమంతా దాని పక్కన అద్దెకున్నట్టు లెక్క.

అక్కడే ఇంకో సంగతి కూడా తెలిసింది. కిటికీ అద్దం మూసి ఉంటే అంకె కిందికి పోతోంది. వేడి లోపలికి రాకుండా కొన్ని అద్దాలకి కంటికి కనబడనంత పల్చటి లోహపు పూత వేస్తారు. అది ఎండతో పాటు సిగ్నల్‌నీ తిప్పికొడుతుంది. 5జీ అంటే అంతా ఒకటే అనుకుంటాం గానీ అందులోనూ, అది వచ్చే ఫ్రీక్వెన్సీని బట్టి, రకాలున్నాయి. 700 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, వేగం మాత్రం అంతంత. 3.5 గిగాహెర్ట్జ్ మీద వచ్చేది పరుగెడుతుంది, గోడ కనిపిస్తే నీరసపడుతుంది. 26 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తే అడ్డం వచ్చిన చెట్టు ఆకులు కూడా దానికి గోడే. అందుకే "మా ఏరియాలో 5జీ ఉంది" అనే మాటకీ, మీ ఇంట్లో, మీరు కూర్చునే కుర్చీ దగ్గర ఏముంది అనేదానికీ చాలా దూరం.

మొదటి రెండు వారాలు పండగే. పొద్దున్న ఆరింటికి స్పీడ్ చూస్తే 140 ఎంబీపీఎస్. ఇంత బాగుంటే ఇంటి లైన్ ఎందుకు తీసుకుంటారో జనం అని మా అక్కకి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను. తర్వాత రాత్రి తొమ్మిదింటికి చూడ్డం మొదలుపెట్టాను. 11. ఒక్కోసారి 7. మర్నాడు పొద్దున్న మళ్లీ 130. రౌటర్ పాడైందేమో అని రీస్టార్ట్ చేసేదాన్ని. దానికేం రోగం లేదు. టవర్ మీద మావైపు చూసే యాంటెన్నా ఒకటి ఉంటుంది. అది ఇచ్చే మొత్తం వేగాన్ని ఆ వైపున్న వాళ్లందరూ పంచుకోవాలి. ఇళ్లలో ఉన్నవాళ్లు, రోడ్డు మీద పోయేవాళ్లు, ఎక్కడో ఆగిన బస్సులో కూర్చుని వీడియోలు చూసేవాళ్లు, అందరూ.

ఫైబర్ కూడా పంచుకునేదే, అది దాచకూడదు. ఇళ్లకి ఎక్కువగా వచ్చే జీపాన్ అనే పద్ధతిలో ఒక గాజు దారాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. వాళ్లందరికీ కలిపి వచ్చేది సెకనుకి సుమారు 2.5 గిగాబిట్లు, వెళ్లేది 1.25. కానీ ఆ దారం మీద ఎన్ని ఇళ్లున్నాయో కంపెనీకి తెలుసు. సాయంత్రం అయ్యిందని ఇంకో మూడొందల మంది నడుచుకుంటూ వచ్చి అందులో చేరరు. టవర్‌కి ఆ అదృష్టం లేదు.

అసలు నన్ను ఏడిపించింది అప్‌లోడ్.

నా పనిలో ఒక్కో ఫైలు 18 జీబీ దాకా ఉంటుంది. తయారు చేసి పైకి ఎక్కించాలి. మీకు ఒక చిన్న లెక్క చెబుతాను, ఇది ముందే తెలిసుంటే నాకు ఏడు నెలల టెన్షన్ తప్పేది. కంపెనీ చెప్పే వేగం బిట్లలో, మన ఫైళ్లు బైట్లలో. బైటుకి ఎనిమిది బిట్లు. 18 జీబీ అంటే లక్షా నలభై నాలుగు వేల మెగాబిట్లు. సిమ్ రౌటర్ నాకు ఇచ్చిన అప్‌లోడ్, కాస్త మంచి రోజున, 8 ఎంబీపీఎస్. అంటే 18 వేల సెకన్లు. ఐదు గంటలు. మధ్యలో తెగకుండా ఉంటే.

డౌన్‌లోడ్ వంద దాటుతుంటే అప్‌లోడ్ ఎనిమిదేమిటి అని నాకూ అనుమానం వచ్చింది. టవర్ పదుల వాట్ల శక్తితో మనతో మాట్లాడుతుంది. తిరిగి జవాబు చెప్పే ఫోనుకైనా, సిమ్ రౌటర్‌కైనా మామూలుగా ఉండే బలం 23 డీబీఎం, అంటే వాటులో అయిదో వంతు. వాళ్లు మైకులో అరుస్తుంటే మనం గొణుగుతున్నట్టు. దానికి తోడు 3.5 గిగాహెర్ట్జ్ లాంటి చోట్ల రాకకీ పోకకీ ఒకే దారి, వంతులేసుకుని వాడతారు. ఎక్కువ వంతులు డౌన్‌లోడ్‌కే ఇస్తారు, జనం అడిగేది అదే కాబట్టి. నాలాంటి వాళ్లం తక్కువ.

అందుకని రాత్రి పడుకునే ముందు అప్‌లోడ్ పెట్టేదాన్ని. మూడింటికి మెలకువ వస్తే లేచి చూసుకునేదాన్ని. 71 శాతం. మళ్లీ పడుకోవడం. ఒకసారి 90 దాటాక తెగి, మళ్లీ సున్నా నుంచి మొదలైంది. పొద్దున్న ఎనిమిదింటికి ఇవ్వాల్సిన పని మధ్యాహ్నం రెండింటికి ఇచ్చాను. అవతలివాళ్లు ఏమీ అనలేదు, తర్వాత రెండు నెలలు పని కూడా ఏమీ ఇవ్వలేదు.

పగలు అప్‌లోడ్ పెడితే ఇంకో వింత. నేను ఫైలు ఎక్కించడం మొదలుపెట్టగానే మా ఆయన కాల్‌లో గొంతు ముక్కలైపోయేది, మా అబ్బాయి "అమ్మా, లాగ్!" అని అరిచేవాడు. డౌన్‌లోడ్ చూస్తే బోలెడు ఖాళీ. నిండింది అప్‌లోడ్ దారి ఒక్కటే, మరి వాళ్లకెందుకు ఇబ్బంది? ఇక్కడ వేగం సంగతి వేరు, ఆలస్యం సంగతి వేరు. మామూలప్పుడు మా సిమ్ రౌటర్ మీద ఒక మాట పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టేది. నా అప్‌లోడ్ నడుస్తుంటే అదే 400 దాటేది. రౌటర్లూ మోడెములూ ఏ డేటా ముక్కనీ వదులుకోకూడదని అన్నింటినీ వరసలో నిలబెడతాయి. నా 18 జీబీ వరస వెనకాల మా ఆయన గొంతు కూడా క్యూలో నిలబడుతుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంటి నెట్‌లోనే ఇది గమనించి, దీని మీద పెద్ద చర్చ లేవదీశాడు. ఫోన్ సంభాషణ సాఫీగా ఉండాలంటే మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు కూడా ఉంది. మా ఇంట్లో ఆ గీత రోజూ దాటేది.

దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది. అప్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో వేగానికి పరిమితి పెట్టుకోవడం. నాకు 8 వస్తుంటే 6 దగ్గర కట్టేశాను. ఫైలు ఎక్కడానికి ఐదు గంటలు పట్టేది ఆరు గంటల నలభై నిమిషాలైంది, కాల్స్ మాత్రం తేరుకున్నాయి. మీ రౌటర్‌లో ఈ క్యూని చక్కబెట్టే సెట్టింగు, క్యూఓఎస్ అనో ఎస్‌క్యూఎం అనో ఉంటే అదీ వాడి చూడండి. ఈ జబ్బు ఫైబర్‌కీ వస్తుంది, కాకపోతే దారి వెడల్పు కాబట్టి అంతగా తెలియదు.

ఇక మావయ్యగారి టీవీ. 'అన్‌లిమిటెడ్' అనే మాట అర్థం ఏమిటో మాకు ఆయన వల్లే తెలిసింది. నెట్‌ఫ్లిక్స్ తన సహాయ పేజీలో చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ వీడియో గంటకి 3 జీబీ దాకా, 4కే అయితే 7 జీబీ దాకా లాగుతుంది. మావయ్యగారు రోజుకి ఐదు గంటలు చూస్తారు. హెచ్‌డీలోనే అనుకున్నా రోజుకి 15 జీబీ, నెలకి 450. మా సిమ్ ప్లాన్‌లో ఇంత వాడాక వేగం తగ్గిస్తామని నిబంధన ఉంది. నెలలో మూడో వారం వచ్చేసరికి ఇంట్లో నెట్ ముసలిదైపోయేది. ఆయన్ని అడగలేం. టీవీ యాప్ సెట్టింగుల్లో నాణ్యత ఒక మెట్టు తగ్గించి ఊరుకున్నాను. "ఈ మధ్య మొహాలు మసకగా ఉంటున్నాయమ్మా, అద్దాలు మార్చాలేమో" అన్నారొకసారి. ఇప్పటికీ ఆయనకి ఆ సంగతి చెప్పలేదు.

స్ట్రీమింగ్‌కి ఎంత వేగం కావాలంటారా? అనుకున్నంత అక్కర్లేదు. అదే నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్, 1080కి 5 చాలంటుంది. వీడియో కాల్‌కి అటూ ఇటూ నాలుగేసి ఉంటే బాగానే నడుస్తుంది. నలుగురున్న ఇంటికి నిలకడగా వచ్చే 50, ఊగిసలాడే 300 కన్నా మేలు. ఈ 'నిలకడగా' అన్నది ఏ ప్రకటనలోనూ అంకెలా ఉండదు.

ఒప్పందమో, కన్నమో, ఏదో ఒకటి, అని ఎనిమిదో నెలలో ఫైబర్‌కి ఒప్పుకున్నాం. ఓనరు గారిని అడిగితే "దానికేముందమ్మా, పాత కేబుల్ కన్నం ఉందిగా" అన్నారు. ఏడు నెలల మొహమాటం అంతటితో సరి.

టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. మంచి పనిమంతుడు. మెట్ల దగ్గరి పెట్టెలోంచి సన్నటి తీగ లాగాడు. లోపలి గాజు దారం వెంట్రుకంత. రెండు కొనల్ని చిన్న మిషన్లో ఎదురెదురుగా పెట్టి, కరెంటు మెరుపుతో కరిగించి అతికించాడు. తర్వాత వెలుగు కొలిచే మీటర్ పెట్టి "మైనస్ 19, బాగుందండి" అన్నాడు. ఆ అంకె రాసి పెట్టుకోండి. ఇంట్లో ఆ దారం తగిలించే మామూలు జీపాన్ డబ్బాకి మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య వెలుగు అందాలి. రేపు లైన్ నీరసపడితే మొదట ఎంత ఉండేదో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

"డబ్బా ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. నేను చేసిన తప్పు ఇక్కడే. వీధి తలుపు దగ్గర చెప్పుల స్టాండ్ ఉంది, దాని కింది అర చూపించాను. కనబడకుండా ఉంటుందని. కిటికీ దగ్గర ఏడు నెలలు నేర్చుకున్న పాఠమంతా ఆ నిమిషంలో మర్చిపోయాను. మా ప్లాన్ 300 డౌన్‌లోడ్, 100 అప్‌లోడ్. నేను పని చేసే లోపలి గదికి చేరేసరికి 30. మొదటి మూడు వారాలు ఫైబర్ కంపెనీని తిట్టుకున్నాను, రెండుసార్లు ఫిర్యాదు కూడా రాశాను. ఫైబర్ తన పని తాను చేసింది. తలుపు దగ్గర 300 తెచ్చి పడేసింది. అక్కణ్ణుంచి రెండు గోడలు, ఒక ఇనప బీరువా దాటి రావాల్సింది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది గానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి, ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు 1, 6, 11 అని మూడే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలకి ఓడిపోతుంది. ఇంటి లైన్ బాగోలేదని చెప్పేవాళ్లలో సగం మంది తిట్టాల్సింది వైఫైనేమో అని నా అనుమానం.

సరే, డబ్బా దగ్గరినుంచి నా టేబుల్ దాకా లాన్ కేబుల్ వేయించాను. పరుగెత్తుకుంటూ వెళ్లి స్పీడ్ చూస్తే 94. మళ్లీ చూస్తే 94. ఇంకోసారి, 94. రాత్రీ పగలూ అదే. ఈ 94 గుర్తుంచుకోండి, ఇదొక సంతకం. కేబుల్ మీద ఎప్పుడు చూసినా 94, 95 దగ్గర కదలకుండా ఆగిపోతే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది, లేదా కేబుల్లో తీగ తెగింది. గిగాబిట్‌కి కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి. ఒక్క జత పోయినా చాలాసార్లు కిమ్మనకుండా 100కి పడిపోతుంది, ఎవరికీ చెప్పదు. మాది మూలలో బీరువా కాలు కింద నలిగింది. నలిగిన ముక్క కోసేసి కొత్త కొన బిగించాక 290 వచ్చింది.

ఆ రోజు 18 జీబీ ఫైలు ఇరవై ఐదు నిమిషాల్లో ఎక్కింది. నమ్మకం కుదరక అవతల తెరిచి చూసుకున్నాను. ఆట ఆలస్యం 40 నుంచి 7 మిల్లీసెకన్లకి పడింది. మా అబ్బాయి ఓడిపోయినప్పుడు తిట్టుకోవడానికి ఇప్పుడు నెట్ మిగల్లేదు, కొంచెం డీలా పడ్డాడు.

ఇదంతా చదివి ఫైబరే మేలు అని లేచి వెళ్లకండి. ఫైబర్ వచ్చిన ఆరో నెలలో ఒక మంగళవారం పొద్దున్న డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. ఎల్‌ఓఎస్ అని రాసి ఉంటుంది దాని పక్కన. అంటే అటునుంచి వెలుగు రావట్లేదని. దారి మధ్యలో దారం తెగింది. దానికి మనం చెయ్యగలిగింది ఏమీ లేదు. కస్టమర్ కేర్ అమ్మాయి రీస్టార్ట్ చెయ్యమంది. ఎర్ర లైటు రీస్టార్ట్‌తో పోదని చెప్పాను. అయినా చెయ్యమంది. చేశాను. బుధవారం ఎవరూ రాలేదు గానీ "మీ ఫిర్యాదు పరిష్కరించాం" అని మెసేజ్ మాత్రం వచ్చింది. మళ్లీ ఫిర్యాదు. గురువారం కుర్రాడొచ్చి, ఎర్ర లేజర్ కలం లాంటిది దారానికి తగిలించి చూశాడు. దారం చిట్లిన చోట ఆ ఎరుపు బయటికి కనబడుతుంది. మా ఇంటినుంచి మెట్ల పెట్టె దాకా ఎక్కడా కనబడలేదు, అంటే తప్పు బయట రోడ్డు మీద. అది వేరే టీమ్ పనట. శుక్రవారం సాయంత్రానికి అతికించారు. నాలుగు రోజులు. మీటర్ పెట్టమంటే ఇప్పుడు మైనస్ 21. రెండు పోయినా పరిధిలోనే ఉంది, ఊరుకున్నాను.

ఆ నాలుగు రోజులూ అలమర మీద దుమ్ము పట్టిన సిమ్ రౌటర్ దించి, రీచార్జ్ చేసి, మళ్లీ కిటికీ ఎడమ మూలకి చేర్చాను. అది కూడా మామూలు కన్నా నెమ్మదిగా ఉంది. వీధిలో ఫైబర్ తెగిన ఇళ్లన్నీ ఒక్కసారిగా అదే టవర్ మీద పడ్డాయి మరి. అయినా కాల్స్ నడిచాయి, చిన్న ఫైళ్లు వెళ్లాయి.

అప్పుడు అర్థమైంది నాకు. సిమ్ నెట్ రోజూ కాస్త కాస్త చిరాకు పెడుతుంది, పూర్తిగా చచ్చిపోవడం మాత్రం అరుదు. ఫైబర్ నెలల తరబడి ఉన్నట్టే తెలియనివ్వదు, పోతే మాత్రం నిండా మునిగినట్టే, ఎవరో వచ్చి నిచ్చెన వేసేదాకా. ఈ రెండు బాధల్లో మీ పని ఏది తట్టుకుంటుందో చూసుకోండి. నాకు రోజూ పెద్ద ఫైళ్లు ఎక్కాలి, కాబట్టి ఫైబర్. మా అక్క ఒక్కతే ఉంటుంది, మెయిళ్లు, కాల్స్, రాత్రి ఒక సినిమా. తను రెండేళ్లకోసారి ఇల్లు మారుతుంది. తనకి సిమ్ రౌటర్ కూడా దండగ, ఫోనే చాలని చెప్పాను. తను వినకుండా ఫైబర్ పెట్టించుకుంది, అది వేరే సంగతి.

ఫైబర్ రాని చోట పాత రాగి ఫోన్ తీగ మీదో, టీవీ కేబుల్ మీదో నెట్ ఇస్తామంటారు. అవీ ఇంటి లైన్లే గానీ అప్‌లోడ్ సాధారణంగా డౌన్‌లోడ్‌లో చిన్న ముక్క. అలాంటి చోట మంచి 5జీ సిగ్నల్ ఉంటే సిమ్ రౌటర్ వైపే మొగ్గుతాను.

కొనే ముందు చెయ్యాల్సింది ఒక్కటి చెబుతాను. సిమ్ రౌటర్ తీసుకునేట్టయితే, ఆ నెట్‌వర్క్ సిమ్ ఉన్న స్నేహితుల్ని రాత్రి తొమ్మిదింటికి ఇంటికి పిలవండి. మీరు పని చేసే చోట వాళ్ల ఫోన్‌లో స్పీడ్ చూడండి, డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా. కుదిరితే ఇంకో రోజు కూడా. పొద్దున్న చూపించే అంకెకి విలువ లేదు. ఫైబర్ తీసుకునేట్టయితే పక్కింటివాళ్లని స్పీడెంత అని అడగకండి, అందరూ బ్రహ్మాండం అంటారు. "పోయినసారి తెగినప్పుడు ఎన్ని రోజులకి బాగుచేశారు?" అని అడగండి. మాకు అది అడగాలని తట్టలేదు.

ఇంట్లో కెమెరా పెట్టి బయటినుంచి నేరుగా దానికి కనెక్ట్ అవ్వాలనుకునేవాళ్లకి ఒక మాట. సిమ్ నెట్‌లో మనకి సొంత ఇంటర్నెట్ చిరునామా, అంటే ఐపీ, దాదాపుగా ఇవ్వరు, ఒకే చిరునామా వెనక వేలమందిని కూర్చోబెడతారు. రౌటర్ పేజీలో బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య అంకెతో మొదలైతే మీరు అలాంటి గుంపులో ఉన్నట్టే. కొన్ని ఫైబర్ కంపెనీలూ ఇదే చేస్తున్నాయి. ముందే అడిగి తెలుసుకోండి.

కరెంటు పోతే ఫైబర్ డబ్బా కూడా ఆరిపోతుంది, దారంలో వెలుగు వస్తున్నా సరే. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత. మీ డబ్బా అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసి కొనండి. మాది కరెంటు పోయాక రెండు గంటలు లాగుతుంది. ఆ రెండు గంటలూ ఇల్లంతా చీకటిగా ఉండి, అబ్బాయి ఫోన్ మాత్రం వెలుగుతూ ఉంటుంది.

మార్కులు అడిగితే ఫైబర్ లైన్‌కి ఐదుకి నాలుగు, ఆ ఒకటి మంగళవారం నుంచి శుక్రవారం దాకా పోయింది. కస్టమర్ కేర్‌కి ఒకటిన్నర. సిమ్ రౌటర్‌కి మూడు, మా పనికైతే రెండున్నర. దాన్ని అమ్మేయలేదు. అన్నిటికన్నా చిన్న ప్లాన్ వేసి కిటికీ గట్టు మీదే ఉంచాను, పదిహేను రోజులకోసారి ఆన్ చేసి చూస్తాను. మొన్న రాత్రి మ్యాచ్ మధ్యలో టీవీ ఒక్క క్షణం ఆగి గుండ్రంగా తిరిగింది. మావయ్యగారు కుర్చీలోంచి కదలకుండానే పిలిచారు.

"అమ్మాయ్, కిటికీది పెడతావా?"